గుండెకు ఇంటిపేరుండదు

ఏడాదికోసారి తీయించుకునే ఈసీజీ కోసం మొన్న ఆస్పత్రికి వెళ్ళాను. ఛాతీ మీద చల్లటి జెల్లీ పూస్తూ అక్కడి కొత్త అమ్మాయి అడిగింది.

"ఇంట్లో ఎవరికైనా హార్ట్ ప్రాబ్లం ఉందా మేడం?"

"ఉంది. మా నాయనమ్మ నుంచి వచ్చింది. మా అత్తయ్య బయటపెట్టింది."

"ఆవిడ డాక్టరా మేడం?"

"కాదమ్మా, టెలిఫోన్ ఆపరేటరు."

ఆ అమ్మాయి వైరు పట్టుకుని నా మొహం వంక చూసింది. నాకు నవ్వొచ్చింది. "నవ్వకండి మేడం, గీత పాడైపోద్ది" అని కసిరింది. నవ్వకుండా ఉండటం నా వల్ల కాలేదు. అత్తయ్య గుర్తొస్తే ఎవరి వల్లా కాదు. ఆ అమ్మాయి రెండోసారి తీయాల్సి వచ్చింది.

అత్తయ్య ఎవరింటికి వెళ్ళినా తలుపు తట్టేది కాదు. గేటు దగ్గరే నిలబడి కొంగు సర్దుకుని, "హలో, ఎవరన్న ఉన్నరా లైన్ల?" అనేది. అరిచేది కాదు, మామూలుగానే అనేది. అయినా పెరట్లో బట్టలుతుకుతున్న అమ్మకు ఆ మాట స్పష్టంగా వినపడేది. మనిషి పొట్టి. నూలు చీర, తోలు పట్టీ వాచీ, ఆ వాచీ డయలు మణికట్టు లోపలివైపుకి. చేతిలో ఎప్పుడూ బేకరీ నుంచి తెచ్చిన, కొబ్బరి కూరిన దిల్‌ఖుష్ పొట్లం. అది మాకోసం తెచ్చేదే గానీ సగం తనే తినేది.

పెళ్ళికి ముందు నుంచి రిటైరయ్యేదాకా సికింద్రాబాద్ ఎక్స్‌చేంజిలో పనిచేసింది. ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు కూర్చునే, కలిశాక మూడేసి నిముషాల లెక్కన డబ్బు కట్టే కాలం నాటి మనిషి. ఎవరైనా కబుర్లు సాగదీస్తే మణికట్టు తిప్పి చూసి, "మూడు నిముషాలైంది. పొడిగించాల్నా?" అని అడిగేది. పెళ్ళిళ్ళ పేరయ్యనీ, ఎల్‌ఐసీ ఏజెంటునీ, మా నాన్ననీ ఆ ఒక్క ప్రశ్నతో లేపి పంపించేది. చర్చిలో పాస్టరుగారి ప్రార్థన ఊళ్ళు దాటి, రాష్ట్రం దాటి, దేశాల మీదకు వెళ్ళినప్పుడు, కళ్ళు మూసుకునే మణికట్టు తిప్పేది. పక్కన కూర్చున్నందుకు నాకు నవ్వు, అమ్మ చేతి గిల్లుడు రెండూ దక్కేవి.

ఇంకో విచిత్రం, ఆవిడకు మొహాలు గుర్తుండేవి కావు, గొంతులు గుర్తుండేవి. మారేడ్‌పల్లి మార్కెట్లో ఎవరైనా పలకరిస్తే, "జెర మాట్లాడు" అని కళ్ళు మూసుకునేది. అవతలి మనిషి కంగారుపడి ఏదో ఒకటి అనగానే, "నువ్వు స్టేషన్ మాస్టరు చిన్న కోడలివి గద! గొంతు గిట్లైందేంది, జలుబు చేసిందా?" అనేది. జలుబు సంగతి కూడా నిజమే అయ్యేది.

భాష గురించి చెప్పాలి. మా తాత గుంటూరు వైపు నుంచి మిషన్ బడిలో పంతులుగా వచ్చి ఇక్కడ ఉండిపోయాడు. నాన్న సికింద్రాబాదులోనే పుట్టి పెరిగినా ఇంట్లో గుంటూరు మాటే మాట్లాడేవాడు. అత్తయ్య ఇక్కడి క్రైస్తవ కుటుంబంలోకి కోడలిగా నేరేడ్‌మెట్ వెళ్ళింది. వెళ్ళిన కొన్నాళ్ళకే మాట మొత్తం మార్చేసింది. నాన్నకు అది మింగుడు పడేది కాదు. "ఏంటక్కా ఆ గిట్లా గట్లా? మన ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా?" అని ఉడికించేవాడు.

"మీరు నన్ను ఇచ్చేస్తిరి గద తమ్మీ. ఇచ్చేసినంక నా నాలుక మీద మీకేం పెత్తనం?" అనేది.

ఇద్దరూ నవ్వుకునేవారు. కానీ ఆ 'ఇచ్చేయడం' అనే మాట మా ఇళ్ళల్లో వేళాకోళం కాదు. ఆడపిల్లను ఇచ్చేశాక ఆ పిల్ల వాళ్ళింటి మనిషి. పండక్కి వస్తుంది, చీర పెడతాం, పంపిస్తాం. మన ఇంటి మంచిచెడ్డల లెక్కలో మాత్రం ఉండదు. ఎవరూ దీన్ని చెడ్డతనంగా అనుకోరు, నేను కూడా అనుకోలేదు.

మా అన్నయ్య పడిపోయిన ఏడాది ఆ లెక్క తిరగబడింది.

పొద్దున్నే చదువుకోవాలని అన్నయ్య సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఫోను చెవి పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. అలారం మోగగానే దిగ్గున లేచి కూర్చున్నవాడు, అంతే దిగ్గున వెనక్కి పడ్డాడు. కళ్ళు తేలేశాడు. అమ్మ ఏడుపు, నాన్న నీళ్ళు చల్లడం, నేను వాడి చేతులు రుద్దడం. కాసేపటికి వాడే కళ్ళు తెరిచి, "ఏమైంది, ఎందుకందరూ ఇక్కడున్నారు?" అని అడిగాడు. ప్రాణం లేచొచ్చింది. అయినా ఊరుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మా చర్చికి వచ్చే కుర్ర డాక్టరే అక్కడ గుండె విభాగంలో ఉన్నాడు. ఈసీజీ కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి, మళ్ళీ కొలిచి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అంకుల్, గుండె కొట్టుకున్న ప్రతిసారీ దానిలో చిన్న కరెంటు పాకుతుంది. కొట్టుకున్నాక ఆ కరెంటు సర్దుకోవాలి, అప్పుడే గుండె తరవాతి దెబ్బకు సిద్ధమవుతుంది. సర్దుకోవడానికి గుండె కణాల గోడల్లో సన్నటి తలుపులుంటాయి. వాటిలోంచి పొటాషియం బయటికి పోతుంది. ఆ తలుపును ఎలా తయారుచేయాలో మన జన్యువులో రాసి ఉంటుంది. ఆ రాతలో ఒక్క అక్షరం తేడా పడినా తలుపు సరిగ్గా పనిచేయదు. మీవాడికి ఆ సర్దుకునే టైం ఎక్కువ పడుతోంది. ఆ మధ్యలో ఉలిక్కిపడితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. మనిషి పడిపోతాడు. చాలాసార్లు దానంతటదే దారికొస్తుంది."

"రాకపోతే?" అన్నాడు నాన్న.

డాక్టరు ఈసీజీ కాగితం మడిచాడు. మాత్రలున్నాయనీ, రోజూ వేసుకుంటే భయం చాలావరకు తగ్గుతుందనీ చెప్పాడు. ఇది అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుందనీ, ఉన్నవాళ్ళ ప్రతి బిడ్డకూ రావడానికి ఎంత అవకాశమో రాకపోవడానికీ అంతేననీ అన్నాడు. "కొందరికి ఉన్నట్టే తెలియదు. ఒక్కసారే తెలుస్తుంది. అందుకే మీ రక్తసంబంధీకులందరికీ ఈసీజీ తీద్దాం" అన్నాడు.

నాన్న ఆ పని భుజాన వేసుకున్నాడు. ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు జంకారు. గుండె జబ్బు వంశమని పేరు పడితే సంబంధాలు రావని వాళ్ళ భయం. అందుకని నాన్న ఆస్పత్రి మాట ఎత్తకుండా, "మా ఇంట్లో మటన్ పలావు, అలాగే చిన్న చెకప్" అని పిలిచాడు. తెలంగాణ ఉద్యమం బంద్‌లు ఎప్పుడు పడతాయో తెలియని రోజులవి, ఆదివారమే నమ్మకం. చర్చి అవగానే అందరూ మారేడ్‌పల్లిలో మా ఇంటికి వచ్చేశారు. తాత అన్నదమ్ముల కొడుకులైన పెదనాన్నలు, బాబాయిలు, వాళ్ళ కొడుకులు, కోడళ్ళు, మనవలు. మా ఇంటిపేరు ఉన్నవాళ్ళలో రానివాళ్ళు లేరు. డాక్టరు ఒక నర్సునీ, పెట్టెలో పట్టే చిన్న మెషీన్‌నీ తెచ్చాడు. ముందుగదిలో తెర కట్టి బల్ల వేశాం.

అంతకుముందే ఆస్పత్రిలో నాన్నకూ నాకూ తీశారు. ఆ సర్దుకునే టైం చూపించే గీత ఇద్దరికీ కాస్త పొడుగే అని తేలింది. మిగతావాళ్ళకు మాత్రం ఒకరి తరవాత ఒకరికి నార్మల్ వస్తోంది. వచ్చినప్పుడల్లా నాన్న మీసం దువ్వి, "మన వంశం గట్టిది" అంటున్నాడు. తన గీత సంగతి మరిచిపోయి మరీ అంటున్నాడు.

కొంతసేపయ్యాక డాక్టరుకు అనుమానం వచ్చింది. "ఈ ఆంటీ ఎవరంకుల్?"

"మా పెదనాన్నగారి పెద్ద కోడలు."

"ఆమెకి అక్కర్లేదంకుల్. ఆమె మీ రక్తం కాదు కదా."

"అదేంటి డాక్టర్, వచ్చి ముప్పై ఏళ్ళైంది! మా ఇంటి మనిషే!" అన్నాడు నాన్న నొచ్చుకుంటూ. ఆవిడ కూడా నొచ్చుకుంది. డాక్టరు మళ్ళీ స్కేలు తీసుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర, "హలో, ఎవరన్న ఉన్నరా లైన్ల?" అని వినపడింది.

అత్తయ్యను ఎవరూ పిలవలేదు. అంతకు అరగంట ముందు ఏదో పని మీద అమ్మకు ఫోన్ చేసిందట. అమ్మ గొంతు వెనకాల వినపడుతున్న గొంతులన్నీ ఎవరెవరివో ఒక్కొక్కటే పోల్చుకుని, ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కేసింది.

గుమ్మంలో నిలబడి అందర్నీ చూసింది. చేతిలో పొట్లం ఉంది.

"ఏంది తమ్మీ, పెండ్లా? నాకు చెప్పకుండనే చేస్తున్నవా?"

"పెళ్ళి కాదక్కా. పిల్లాడి గుండె సంగతి తెలుసుగా. మన వంశం వాళ్ళందరికీ పరీక్ష చేయించమన్నారు, అందుకని..."

"మంచిదే. మరి నన్నెందుకు పిల్వలే?"

నాన్న తడబడ్డాడు. "నువ్వు వాళ్ళింటికి వెళ్ళిపోయావు కదక్కా. నిన్ను పిలవాలని అసలు తట్టలేదు."

నాన్న అబద్ధం చెప్పలేదు. నిజంగానే తట్టలేదు. నాకూ తట్టలేదు, అమ్మకూ తట్టలేదు. అత్తయ్య మొహం చిన్నబోయింది. ఆవిడ మొహం అలా అవడం నేను అంతకుముందు చూడలేదు. తరవాత మెల్లగా అంది.

"ఇంటిపేరు మారింది తమ్మీ. గుండె సుత ఈడనే ఇడిసిపెట్టి పోయిన్నా?"

 డాక్టరు గబగబా లేచి వచ్చాడు. "అమ్మా, మీరు అంకుల్‌కి సొంత అక్కా? అందరికంటే ముందు తియ్యాల్సింది మీకే."

"గట్ల చెప్పుండ్రి డాక్టర్ సాబ్" అని పొట్లం నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, తెర వెనక్కి వెళ్ళి పడుకుంది.

ఆవిడ కాగితాన్ని డాక్టరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కొలిచాడు. అన్నయ్య గీత కంటే పొడుగ్గా ఉంది.

"ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయారా అమ్మా?"

"ఎవల్నన్న పడేసిన గని నేనైతే పడలే."

"మీ అమ్మగారు?"

అత్తయ్య నవ్వు ఆగింది. నాయనమ్మ చిన్న వయసులోనే పోయింది. అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతుంటే ఇంటి పక్క పట్టాల మీద రైలింజను ఒక్కసారిగా కూత పెట్టిందట. చాట చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయిందట. దడుచుకుని పోయిందని అందరూ అన్నారు. అప్పటికి నాన్న చంటివాడు, ఏమీ తెలియదు. చూసింది అత్తయ్య ఒక్కతే. అదంతా ఆవిడ డాక్టరుకు చెప్పింది. డాక్టరు తల పంకించి నాన్న వైపు తిరిగాడు.

"అయితే ఇది మీ ఇంటిపేరుతో వచ్చింది కాదంకుల్. మీ అమ్మగారి నుంచి మీ అక్కాతమ్ముళ్ళకు వచ్చింది. మీ వంశం నిజంగానే గట్టిది."

ఆ మాటతో మా ఇంటిపేరు వాళ్ళందరూ ఊపిరి పీల్చుకుని పలావు మీద పడ్డారు. నవ్వులు, కబుర్లు, గరిటెల చప్పుడు. అన్నయ్యకు ఈ కరెంటు గోల ఇంకా అర్థం కాలేదని అత్తయ్య వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"మా ఎక్స్‌చేంజిల బోర్డు మీద ఒక కాల్ అయినంక ప్లగ్గు గుంజాలె. లైన్ ఖాళీ అయినంకనే ఇంకో కాల్ కలపాలె. మన గుండెలు మంచియే బిడ్డా, ప్లగ్గు గుంజుడే జెర లేటు. గా నడుమల ఎవడన్న ఇంకో కాల్ కలిపిండనుకో, అంత ఆగమాగం."

డాక్టరు తినడం ఆపి విన్నాడు. "మేం కాలేజీలో ఇంత తేలిగ్గా నేర్చుకోలేదు" అని నవ్వి, "మరి మీరు అన్నేళ్ళు ఆ బజర్ల మధ్యే కూర్చున్నారు. మీకేం కాలేదంటే ఆశ్చర్యంగా ఉందమ్మా. ఒకే తేడా ఒకరిని పడేస్తుంది, ఒకరిని ముట్టుకోదు. మిగతా జన్యువుల వల్లో, అదృష్టమో, ఇంకా పూర్తిగా తెలియదు. ఇంతకీ మీకు పిల్లలెంతమంది?" అన్నాడు.

"ఒక్కడే కొడుకు. రేపు పొద్దున్నే తోలుకొస్త."

నేను గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నదాన్ని ఆగిపోయాను. అత్తయ్యకు కూతురూ ఉంది, నాకు వదిన వరస.

"అత్తయ్యా, మరి వదినో?"

"దాన్ని సైనిక్‌పురిల ఇచ్చేసినం గద..."

ఆ మాట అంటూనే ఆవిడ నోరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడే ఇదే గుమ్మంలో నిలబడి ఏ మాటకు నొచ్చుకుందో, అదే మాట తన నోటి నుంచి వచ్చింది. నా వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. నాన్న తల దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు ఆవిడ మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

"దాని బిడ్డ" అంది అత్తయ్య. 

వదిన కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పాప పడిపోతుందని మాకందరికీ తెలుసు. బడిలో గంట కొట్టినప్పుడు ఒకసారి పడింది. పొద్దున్నే నిద్ర లేపుతుంటే ఒకసారి పడింది. ఫిట్స్ అన్నారు, ఫిట్స్ మాత్రలు వేస్తున్నారు. వాళ్ళింటి పిల్ల, వాళ్ళు చూసుకుంటున్నారు అనుకున్నాం. డాక్టరు చేతిలో కంచం పక్కన పెట్టేశాడు. "ఆ పాపను రేపే చూడాలమ్మా. ఆలస్యం చేయొద్దు" అన్నాడు.

"ఆటో పిలువు" అంది అత్తయ్య నాతో. పలావు ముట్టుకోలేదు.

ఆటోలో నేనూ వెళ్ళాను. దారి పొడుగునా అత్తయ్య రోడ్డు వంకే చూసింది. ఎందుకో నాకు తెలుసు. పాప మొదటిసారి పడిపోయినప్పుడు వదిన మామగారు అత్తయ్యను సూటిగా అడిగాడు. "మీ వైపు ఎవరికైనా ఇలాంటిది ఉందా అమ్మా?" అని. "మా దిక్కు గసుంటిది లేనే లేదు" అని అత్తయ్య గట్టిగా చెప్పి వచ్చింది. ఆడపిల్లను కన్నతల్లి వియ్యంకుడి ముందు తన ఇంట్లో లోపం ఉందని ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఆ మాటను జీవితాంతం కూతురి నెత్తిన మొట్టడానికి వాడుకుంటారని భయం. పాప ప్రాణం ఒకవైపు, ఆ ఇంట్లో కూతురి పరువు ఒకవైపు. అత్తయ్య చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

వదిన మామగారు మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాడే. భార్య లేదు. సైనిక్‌పురిలో ఆ ఇల్లు ఆయన పద్ధతి ప్రకారమే నడిచేది. వసారాలో గోడకు ఇత్తడి గంట వేలాడేది. తెల్లవారకముందే దాన్ని మోగిస్తే ఇంటిల్లిపాదీ లేవాలి. ఆయన కొడుకు ఉద్యోగం పని మీద ఊళ్ళో లేడు. మేం వెళ్ళేసరికి ఆయన వసారాలో పడకకుర్చీలో పేపరు చదువుతున్నాడు. పాప మెట్ల మీద కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తోంది. వదిన టీ తెచ్చింది. తల్లి మొహం చూడగానే ఏదో పసిగట్టి, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలింది.

అత్తయ్య టీ ముట్టుకోలేదు.

"అన్నయ్యగారూ, మీతోటి జెర మాట్లాడాలె."

"చెప్పండమ్మా" అన్నాడు పేపరు మడుస్తూ.

"ఆనాడు మీరడిగిండ్రు, మా దిక్కు ఎవలకన్న ఉన్నదా అని. లేదని చెప్పిన. తప్పు చెప్పిన. ఉన్నది. మా అమ్మకు ఉండె. నాకున్నది, ఇయ్యాల్నే తెలిసింది. నా బిడ్డ తోటి మీ ఇంటికి వచ్చింది. మీ వంశంల లేదు అన్నయ్యగారూ, మా రక్తంలనే ఉన్నది. పాపకు ఫిట్స్ కావు. గుండె. గుండెల కరెంటు. రేపే డాక్టర్‌కు చూపియ్యాలె. తరువాత నన్ను ఏమన్న అనుండ్రి, నా బిడ్డను మాత్రం ఏమనకుండ్రి."

వదిన గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.  సుబేదారుగారు గోడ మీద గంట వైపు తిరిగాడు.

"ఈ గంటకేనా అది పడింది?"

"గంట తప్పు కాదు అన్నయ్యగారూ. చప్పుడు ఏదైనా గంతే."

"నేనే మోగించాను" అన్నాడు. "నాటకాలాడుతోందని రెండోసారి కూడా మోగించాను."

 పేపరును ఇంకోసారి, ఇంకోసారి మడిచి, ఇక మడవడానికి లేకుండా చేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మేం ముగ్గురం ఆయన నోటి నుంచి ఏం వస్తుందా అని చూస్తున్నాం. చివరికి అడిగాడు.

"రేపు ఎన్నింటికి రిపోర్ట్ చెయ్యాలి?"

"ఏడింటికి రమ్మన్నడు డాక్టరు."

"ఆరున్నరకే అక్కడుంటాం" అన్నాడు. పేపరు పక్కన పెట్టి, "ఆనాడు నేనడిగినప్పుడే ఈ మాట చెప్పుండకూడదా అమ్మా?" అన్నాడు.

"ఆనాడు నాకు తెల్వదు అన్నయ్యగారూ. తెలిసి ఉంటే మాత్రం చెప్దునో లేదో, నాకే తెల్వదు."

ఆయన తల ఊపాడు. ఆ జవాబు ఆయనకు నచ్చిందని నాకనిపించింది. చల్లారిపోయిన టీ మార్చి వేడిది తెమ్మని వదినతో చెప్పాడు.

మర్నాడు అత్తయ్య కొడుక్కి నార్మల్ వచ్చింది, వదిన గీత పొడుగే, పాప గీత మాత్రం మా అందరి గీతలకంటే పొడుగ్గా వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఊరుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు. అన్నయ్యకు ఇచ్చిన మాత్రనే పాప వయసుకు తగ్గట్టు ఇచ్చాడు. ఫిట్స్ మాత్రలు మెల్లగా మాన్పించారు. పరుగులొద్దు, నీళ్ళలో ఈతలొద్దు, ఉన్నట్టుండి చప్పుళ్ళొద్దు, తనను అడగకుండా ఏ మందూ వేయొద్దు అని చెప్పాడు. రక్తం తీసి పరీక్షకు పంపితే, కొన్ని నెలలకు ఆ అక్షరం తేడా ఎక్కడుందో కూడా తెలిసింది. నాయనమ్మకు ఫోటో కూడా లేదు. ఆవిడ నుంచి మాకు మిగిలిన గుర్తు అదొక్కటే అని నాన్న అన్నాడు.

సుబేదారుగారు గంట దించేశాడు. పొద్దున్నే పాప మంచం చివర కూర్చుని, అది కళ్ళు తెరిచేదాకా అరికాళ్ళు నిమిరేవాడట. వదిన ఆ సంగతి చెబుతూ నవ్వేది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకునేది. ఆయన ఒక్కనాడు కూడా మీ ఇంటి జబ్బు అనలేదు.

ఆ తరవాత అత్తయ్యకు మళ్ళీ డ్యూటీ పడింది. నాయనమ్మ పుట్టింటివైపు వాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికే పని. అందులోనూ ఆడపిల్లలు, ఆడపిల్లల పిల్లలు. కాజీపేటలో ఇచ్చినవాళ్ళు, తెనాలిలో ఇచ్చినవాళ్ళు, ఇచ్చిన చోటు నుంచి ఇంకెక్కడికో వెళ్ళిపోయినవాళ్ళు. రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నాన్న ఫోను ముందు కూర్చునేది. నడుం నిటారుగా పెట్టి, లేని హెడ్‌సెట్‌ను చెవి వెనక్కి సర్దుకుని షురూ చేసేది. ఒక నంబరు నుంచి ఇంకో నంబరు, ఆ నంబరు నుంచి ఇంకొకటి. అవతల ఎత్తేదాకా వదిలేది కాదు.

"హలో, నువ్వు నన్నెరగవు బిడ్డా. మీ అమ్మమ్మా, మా అమ్మా అక్కచెల్లెండ్లు. పరేషాన్ కాకు, పైసలడగ. నీకు గుండెన్నదా? ఉంటే ఈసీజీ తీయించుకో. ఎందుకో చెప్త, విను."

కొందరు తిట్టి పెట్టేసేవాళ్ళు. కొందరు తీయించుకుని ఫోన్ చేసేవాళ్ళు. ఏలూరు నుంచి ఎవరో పెద్దావిడ, తన కూతురికి కూడా ఉందని తేలిందనీ, మాత్రలు మొదలుపెట్టామనీ చెప్పి ఫోన్లోనే ఏడ్చింది. అత్తయ్య మణికట్టు తిప్పి చూడకుండా ఆవిడ ఏడుపంతా విన్నది. చుట్టాల్లో ఒకాయన మాత్రం పెళ్ళిలో కలిసినప్పుడు, "మీ రక్తం మంచిది కాదంటగా" అన్నాడు. "రక్తం ఫస్ట్ క్లాస్. ప్లగ్గే జెర లేటు" అని ఆయన విస్తట్లో ఇంకో జిలేబీ వేయించింది.

అత్తయ్య పోయింది గుండెతో కాదు. వానాకాలంలో నిమ్ము చేసి, పది రోజులు మంచంలో ఉండి, నా చేతిలో చెయ్యి పెట్టి నిద్రలోనే పోయింది. గుండె చివరిదాకా బాగానే కొట్టుకుందని డాక్టరు చెప్పాడు. దిగులు పడ్డాం గానీ అది కడుపు నిండిన దిగులు. నిండా బతికిన మనిషి, అందర్నీ నవ్వించి వెళ్ళింది.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "రక్తసంబంధులు ముందుకొచ్చి మట్టి వేయండి" అన్నారు. అలవాటు ప్రకారం కొడుకు కదిలాడు, నాన్న కదిలాడు, వెనకాల మగవాళ్ళు కదిలారు. మేం ఆడవాళ్ళం గొడుగుల కింద అలాగే నిలబడ్డాం. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని వచ్చిన సుబేదారుగారు మాత్రం చెయ్యెత్తాడు. పరేడ్ మైదానంలో వందమందికి వినపడేలా అరిచిన గొంతు అది. కానీ ఆయన పక్కనున్న మనవరాలి వంక ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"ఒక్క నిమిషం పాస్టరుగారూ. రక్తసంబంధమంటే మొదట ఈ పిల్లే. వెళ్ళమ్మా."

పాపకు అప్పటికి పన్నెండేళ్ళు. తెల్ల గౌను, రెండు జడలు. ముందుకు వెళ్ళి, వంగి, తడి మట్టి రెండు చేతులతో తీసుకుని అమ్మమ్మ మీద వేసింది. నాన్న వెనక్కి తిరిగి నన్నూ, వదిననూ, "మీరూ రండమ్మా" అని పిలిచాడు. మా ఇళ్ళల్లో ఆడపిల్లలు మట్టి వేయడం అదే మొదలు.

పాప అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయింది. మట్టి చేతులతోనే గిరుక్కున తిరిగి తాత దగ్గరికి పరుగెత్తింది. "పరిగెత్తొద్దమ్మా" అని మేమందరం ఒకేసారి అన్నాం. రెండు ఇంటిపేర్లవాళ్ళం, మూడు ఇంటిపేర్లవాళ్ళం, అంతమందిలో ఒక్కరం కూడా గట్టిగా అనలేదు.